బోటి, పురుడు, శోకం: రాబ్లేని తెలుగులో చదివించిన ఒక కేసు

కేసు ఏంటంటే, పదహారో శతాబ్దపు ఫ్రెంచ్ రచయిత ఫ్రాన్స్వా రాబ్లే రాసిన రెండు పుస్తకాల్లోంచి, ఒకటి 1532లో వచ్చిన పాంతాగ్రుయేల్, ఇంకోటి ఆ తర్వాత రెండు మూడేళ్లలో వచ్చిన గార్గాంతువా, కొన్ని అధ్యాయాలు తెలుగు చేసి పీజీ పిల్లల చేత ఒక సాయంత్రం గట్టిగా చదివించాలి. స్టేజీ లేదు, డ్రెస్సుల్లేవు, కుర్చీలు గుండ్రంగా వేసుకుని కాగితాలు పట్టుకుని చదవడమే. పద్నాలుగు మంది పిల్లలు, ఆరు వారాల టైము. అనువాదం నాది, చదివించే పనీ నాదే. ఎందుకు పెట్టుకున్నానంటే, వాళ్ల సిలబస్‌లో కార్నివాల్ హాస్యం (ఉపవాస రోజుల ముందు వచ్చే తిండీ వేషాల పండగలో నవ్వు), గ్రొటెస్క్ (ఒకదాంట్లో ఇంకోటి కలిసిపోయిన వింత రూపం) అని రెండు మాటలు ఉన్నాయి, నిర్వచనాలు అందరికీ వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు, కానీ ఆ పుస్తకాలు చదివి ఒక్కళ్లూ నవ్వలేదు. నవ్వు గురించిన పాఠాన్ని నవ్వకుండా దాటేస్తుంటే నాకు మనసొప్పలేదు.

ముందు రాబ్లే ఎవరో చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు మొత్తం ఆయన రెండు రకాల భాష మీద, పండితుడి మాట, సంత మాట, వాటి మీద నడుస్తుంది. మొదట ఫ్రాన్సిస్కన్ అనే క్యాథలిక్ మఠంలో సన్యాసి. మఠంలో గ్రీకు నేర్చుకుంటుంటే పైవాళ్లు పుస్తకాలు లాక్కున్నారు, అక్కణ్ణించి బెనెడిక్టిన్లు అనే ఇంకో సన్యాసుల దగ్గరికి వెళ్లాడు, ఆ తర్వాత ఆ మఠాన్నీ వదిలేసి 1530లో మోంపెల్యేలో వైద్యం చదవడానికి చేరాడు. 1532లో లియోన్ పెద్దాసుపత్రిలో డాక్టరు ఉద్యోగం, ఏడాదికి 40 లీవ్రుల (అప్పటి ఫ్రెంచ్ డబ్బు) జీతం. అదే ఏడాది పాత గ్రీకు వైద్యుడు హిపోక్రటిస్ వైద్య సూత్రాలని పండితుల కోసం అచ్చు వేయించాడు, అదే ఏడాది తన పేరులోని అక్షరాలన్నీ అటూ ఇటూ మార్చి ఆల్కోఫ్రిబాస్ నాసియే అని పెట్టుకుని సంతల్లో అమ్ముడుపోయే రాక్షసుల కథ ఒకటి వదిలాడు. పొద్దున రోగుల్ని చూసి, సాయంత్రం లాటిన్ సూత్రాలు దిద్ది, రాత్రి తాగుబోతుల మాటలు రాసుకున్న మనిషన్నమాట. ఆ మూడూ ఆయన వాక్యంలో విడివిడిగా ఉండవు, ఒకే వాక్యంలో ఒకదాని భుజం మీద ఇంకోటి చెయ్యేసుకుని ఉంటాయి. ఇది నాకు మొదట్లోనే తెలుసు, కానీ తెలుగు చెయ్యడం మొదలెట్టాక దాని అసలు బరువు తెలిసింది.

మొదట తీసుకున్నది గార్గాంతువా పుట్టుక, నాలుగో అధ్యాయం నుంచి ఏడో అధ్యాయం దాకా. కథ చిన్నదే. గ్రాంగూజియే అనే రాక్షస రాజు, ఆయన భార్య గార్గమెల్. ఆమె పదకొండు నెలల చూలాలు. ఫిబ్రవరి 3వ తారీకు మధ్యాహ్నం, లెంట్ ముందు రోజులు, అంటే ఇంకొన్నాళ్లలో మాంసం ముట్టకూడని నలభై రోజులు మొదలవుతాయి, మన క్యాథలిక్ కుటుంబాల్లో విభూది బుధవారం, తపస్కాలం అంటారు చూడండి, అదే. అందుకని ముందే 3,67,014 ఎద్దుల్ని కోశారు. మార్డీ గ్రా నాడు, అంటే లెంట్‌కి ముందు రోజు, ఉప్పేసి దాచుకుంటే వసంతంలో పనికొస్తుందని. మాంసం ఉప్పుకండ వేసుకోవచ్చు గానీ బోటి నిలవుండదు కదా, పాడైపోతుంది, పారేయడానికి మనసొప్పదు, అందుకని చుట్టుపక్కల ఊళ్లన్నీ పిలిచి తినేద్దాం అన్నారు. మొగుడు చెప్తూనే ఉంటాడు, నెలలు నిండాయి, కాస్త చూసుకుని తిను అని. ఆవిడ పదహారు పెద్ద పీపాలు, రెండు నడిపి పీపాలు, ఆరు కుండల బోటి తినేస్తుంది. తిన్నాక నొప్పులు. నొప్పులా, అరక్క వచ్చిన కడుపునొప్పా? మంత్రసానులు గుంపుగా వచ్చి కింద చెయ్యిపెట్టి చూసి బిడ్డే అనుకుంటారు, తీరా చూస్తే అది బిడ్డ కాదు, ఎక్కువ తినడం వల్ల ఆవిడ మలద్వారం జారి కిందకొచ్చింది. అప్పుడొక ముసలావిడ ఘాటైన మందొకటి ఇస్తుంది, దాంతో కింద దారులన్నీ బిగుసుకుపోతాయి, లోపలున్న బిడ్డకి ఇంక పైకి పోవడమే దారి.

ఈ పేజీ పక్కన ఎప్పుడూ ఫ్లెమిష్ చిత్రకారుడు బ్రూగెల్ 1559లో వేసిన బొమ్మ పెట్టుకుని చెప్తాను, కార్నివాల్‌కీ లెంట్‌కీ యుద్ధం, ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. పీపా మీద ఎక్కిన లావుపాటి మనిషి, నెత్తిన మాంసం కూరి కాల్చిన రొట్టె, చేతిలో పందితల గుచ్చిన ఇనప చువ్వ. ఎదురుగా బక్కచిక్కిన లెంట్, నెత్తిన తేనెతుట్టె గంప, చేతిలో రొట్టెల పార, దాని మీద రెండు చేపలు. తిండి, ఉపవాసం, మళ్లీ తిండి. ఏడాది ఈ రెంటి మధ్య తిరుగుతుంది. రాబ్లే బోటి విందు ఆ తిరుగుడులో సరిగ్గా మలుపు దగ్గర ఉంది, అది తెలియకపోతే పిల్లలకి ఇదంతా ఊరికే అతిగా తిన్న ఆడదాని కథలా కనిపిస్తుంది.

మొదటి డ్రాఫ్ట్ మర్యాదగా చేశాను. గ్రంథం కదా, క్లాసిక్ కదా, కాలేజీ హాలు కదా అనే భయం లోపల ఎక్కడో ఉంది. బోటిని "మాంసాహారం" అన్నాను, మలాన్ని వదిలేశాను, మంత్రసానుల సీను రెండు లైన్లకి కుదించాను. ఎద్దుల్ని మేకలు చెయ్యమని ఒకళ్లు సలహా ఇచ్చారు, గొడవ లేకుండా పోతుంది కదా అని. దానికి మాత్రం ఒప్పుకోలేదు, ఆ ఊరి బతుకు ఎద్దు మీద నడుస్తుంది, మేకలు పెడితే ఆ ఇల్లూ ఆ ఊరూ ఆ సంఖ్యా అన్నీ చిన్నవైపోతాయి. మిగతావి మాత్రం శుభ్రంగా తుడిచేశాను. మొదటి రిహార్సల్‌లో చదివారు. పేపర్లో వాతావరణ వార్త చదివినట్టు చదివారు, విన్నవాళ్లు అలాగే విన్నారు. ఇరవై నిమిషాల్లో ఒక్క పెదవి కదల్లేదు. తప్పు పిల్లలది కాదు, వాళ్ల చేతిలో పెట్టిన కాగితంలో నవ్వడానికి ఏమీ లేదు.

రెండోసారి పూర్తిగా అటు దూకాను. తెలుగులో ఒంటి గురించి మాట్లాడాలంటే మనకి రెండు రకాల మాటలు ఉన్నాయి కదా, ఒకటి డాక్టరు రాసే మాటలు, మలం, మూత్రం, గర్భాశయం, ప్రసవం, రెండోది ఇంట్లో మాటలు, పియ్యి, ఉచ్చ, కడుపు, కాన్పు. మొదటివి మొత్తం తీసేసి రెండోవి మొత్తం పెట్టాను, అక్కడితో ఆగకుండా నాలుగు వీధి తిట్లు కూడా కలిపాను. అప్పుడు నవ్వు వచ్చింది. కానీ ఆ నవ్వు విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మగపిల్లలు పగలబడి నవ్వారు, ఆడపిల్లలు కాగితం వైపు చూస్తూ కూచున్నారు. నవ్వు గార్గమెల్ మీద పడింది. ఒక ఆడమనిషి నొప్పులు పడుతుంటే చుట్టూ చేరి నవ్వినట్టు అయింది. రాబ్లే పేజీలో అది అస్సలు లేదు. మరి తెలుగులోకి ఎక్కణ్ణించి వచ్చింది?

దీని మీద చాలా రోజులు ఆలోచించాను, ఈ కేసులో నేను నేర్చుకున్న అసలు సంగతి ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. మిఖాయిల్ బఖ్తిన్ అని రష్యన్ పండితుడు, రాబ్లే మీద ఆయన రాసిన పుస్తకం వల్లే కార్నివాల్ హాస్యం అనే మాట ప్రపంచమంతా పాకింది. స్టాలిన్ కాలంలో అరెస్టయ్యి కజకిస్తాన్‌కి పంపబడ్డాడు, ఎముక జబ్బుతో 1938లో ఒక కాలు తీసేశారు, ఆ పరిస్థితుల్లో కూచుని రాబ్లే నవ్వు మీద థీసిస్ రాశాడు. 1946లో మాస్కోలో దాన్ని డిఫెండ్ చేసుకుంటే పెద్ద గొడవ అయింది, డాక్టరేట్ ఇవ్వలేదు, కింది డిగ్రీతో సరిపెట్టారు, పుస్తకంగా అచ్చయ్యేసరికి 1965. ఆయన చెప్పేదాంట్లో నాకు పనికొచ్చిన ముక్క ఒకటుంది: పాత కాలపు బూతుకి రెండు ముఖాలు ఉండేవి, ఒకటి కిందకి లాగేది, ఇంకోటి మళ్లీ పుట్టించేది, మనిషిని పొట్ట కిందకి, పేగుల్లోకి, మట్టిలోకి దించేస్తే అక్కడ చావు ఒక్కటే ఉండదు, విత్తనం మొలిచే చోటు కూడా అదే. ఆధునిక తిట్టులో ఆ రెండో ముఖం చచ్చిపోయింది, అవమానం ఒక్కటే మిగిలింది అంటాడు. క్లాసులో ఇది ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. కానీ రెండో డ్రాఫ్టులో నేను వాడిన వీధి తిట్లు సరిగ్గా ఆ రెండో ముఖం చచ్చిపోయిన మాటలే. అవి కొట్టడానికి తప్ప ఇంక దేనికీ పనికిరావు, ఎవరి మీద పెడితే వాళ్లని కొడతాయి. పెట్టింది గార్గమెల్ మీద, కాబట్టి దెబ్బ ఆమెకే తగిలింది.

దారి చూపించింది ఒక స్టూడెంట్. రిహార్సల్ అయ్యాక అందరూ వెళ్లాక ఆగి, "మేడమ్, మా నాయనమ్మ ఊళ్లో కాన్పులు చేసేది. నొప్పులు పడేటప్పుడు పురిటి గదిలో ముసలోళ్లు ఆడే మాటలు మీరు వింటే ఇది చాలా నయం అంటారు. కానీ అక్కడ నొప్పులు పడే ఆమె కూడా నవ్వుద్ది మేడమ్, మొగుణ్ణి తిట్టుకుంటా నవ్వుద్ది" అంది. ఆ మాట వినగానే ఇంటికి పోయి మళ్లీ ఆరో అధ్యాయం తీశాను. అక్కడ సరిగ్గా ఆ ముక్కే ఉంది, నేను టైము సరిపోవట్లేదని రెండు డ్రాఫ్టుల్లోనూ కొట్టేసిన ముక్క. మొగుడు వచ్చి ధైర్యంగా ఉండు అని ఏవో నాలుగు మాటలు చెప్తే గార్గమెల్ అంటుంది, మీ మగాళ్లకేం, ఎన్నైనా చెప్తారు, అసలు దాన్ని నువ్వు కోసేసుకుని ఉంటే ఎంత బావుండేది అని. ఏంటి అంటాడు. అబ్బో తెలీదు పాపం అంటుంది. ఓ, అదా, కావాలంటే కత్తి తెమ్మను అంటాడు. అయ్యో దేవుడా వద్దు, ఊరికే నోటికొచ్చింది అన్నా, పట్టించుకోకు అంటుంది. తల్లి నోటి మాట ఇది. ఈ సీనులో ఆమే పెద్ద నోరు. నేను ఆమె మాట కొట్టేసి ఆమె ఒంటిని మాత్రం మిగిల్చాను, ఇంక నవ్వు ఆమె మీద కాక ఎవరి మీద పడుతుంది?

అందుకే ఈ పని చేసేవాళ్లందరికీ చెప్తున్నా, రాబ్లేని కుదించాలంటే దేన్నైనా కుదించండి, నొప్పులు పడే మనిషి వేసే జోకు మాత్రం ముట్టుకోవద్దు.

మూడో డ్రాఫ్టులో వీధి తిట్లు తీసేసి పురిటి గది మాట పెట్టాను. దాంతో పాటు రెండో డ్రాఫ్టులో తీసేసిన సంస్కృతాన్ని వెనక్కి తెచ్చాను, కానీ మర్యాద కోసం కాదు. రాబ్లే నాలుగో అధ్యాయం మొదట్లోనే బోటికి ఒక పల్లెటూరి పేరు వాడి, వెంటనే పండితుడిలా దానికి వివరణ ఇస్తాడు, ఆ వివరణలో వచ్చిన మాటకి మళ్లీ వివరణ, దానికి మళ్లీ. ఫ్రెంచ్ చదువుతుంటే నాకు చిన్నప్పటి టీకా తాత్పర్యాలు గుర్తొచ్చాయి. తెలుగులో ఇలా వచ్చింది: "గోద్‌బియ్యో అనగా క్వారోల యొక్క కొవ్వు పట్టిన బోటి. క్వారోలు అనగా కొట్టంలోనూ గిమో బీళ్లలోనూ మేపి బలిపించిన ఎద్దులు. గిమో బీళ్లు అనగా ఏడాదికి రెండు కార్లు గడ్డి వచ్చునవి." ఆ "అనగా" దగ్గర హాల్లో మొదటి నవ్వు వచ్చింది, మూడో "అనగా"కి పెద్దదైంది. పండితుడి గొంతులో పేగుల గురించి వింటుంటే, పండితుడికీ పేగులే ఉన్నాయి కదా అనే సంగతి ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది.

బోటి లెక్క చెప్పాక రాబ్లే ఒక కేక వేస్తాడు, ఆహా, ఆవిడ లోపల ఎంత అందమైన మల పదార్థం పొంగుతూ ఉండాలి అని. ఇక్కడ "పియ్యి" అని పెడితే చచ్చిపోతుంది, "మల పదార్థం" అనే పెట్టాలి, డాక్టరు గారు మురిసిపోతున్నాడు కదా. దానికి ముందు మొగుడు చెప్పే సామెత ఉంది, సంచీ తినేవాడికి అందులో ఉన్నది కూడా నమలాలని ఉందన్నమాట అని, అక్కడ మాత్రం "పియ్యి" తప్ప ఇంకోటి పనికిరాదు, మొగుడు ఇంటి మనిషి కాబట్టి. ఎవరి నోట్లో ఏ మాట అనేది చూసుకుంటే చాలు, మొత్తం పుస్తకానికి ఒకే రంగు వెయ్యకూడదు.

పుట్టుక వాక్యం అన్నిటికన్నా ఎక్కువ టైము తీసుకుంది. రాబ్లే డాక్టరు కాబట్టి బిడ్డ చెవిదాకా వెళ్లే దారిని అనాటమీ క్లాసులా చెప్తాడు. నేను మన పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో మాటలు తీసుకున్నాను: "గర్భాశయపు పొరలు పై భాగమున సడలగా, శిశువు ఎగిరి బృహత్సిరలో ప్రవేశించి, ఉదరవితానం మీదుగా భుజాల దాకా ఎగబాకి, అచ్చట ఆ సిర రెండుగా చీలును కనుక, ఎడం పక్క దారి పట్టుకుని, ఎడం చెవిలోంచి ఊడిపడ్డాడు." తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు బృహత్సిర దగ్గరే నవ్వడం మొదలెట్టారు, ఆ మాట బొమ్మ గీసి భాగాలు గుర్తించిన రోజుల్ని లాక్కొచ్చింది. "ఊడిపడ్డాడు" దగ్గరికి వచ్చేసరికి చదివే అమ్మాయికే గొంతు నిలబడలేదు. ఇంగ్లీష్ అనువాదంలో ఈ వాక్యం నాకు ఎప్పుడూ ఇంత బాగా వినపడలేదు, మన భాషలో రెండు రకాల మాటల మధ్య ఉన్న దూరం ఇక్కడ మనకి కలిసొచ్చింది.

పుట్టగానే బిడ్డ ఏడవడు, తాగడానికి పొయ్యమని అరుస్తాడు. "పొయ్యండి! పొయ్యండి! పొయ్యండి!" అని పెట్టాను. ఆ అరుపు విని తండ్రి అనే మాటలోంచే గార్గాంతువా అనే పేరు వస్తుంది, ఫ్రెంచ్‌లో "క్ గ్రాం తు ఆ", అంటే ఎంత పెద్దది నీది అని, పక్కన రాబ్లే వ్యాకరణ పండితుడిలా ఒక ముక్క తగిలిస్తాడు, గొంతు అని కలుపుకోవాలి అని. మన వ్యాఖ్యానాల్లో దీనికి తయారుగా మాట ఉంది: "ఎంత పెద్దదిరా నీది! గొంతు అని అధ్యాహారం." దీని కోసం నేను ఏమీ కష్టపడలేదు, మన పాత పంతుళ్లు తయారు చేసి పెట్టిందే. ఆ బిడ్డ పాలకి 17,913 ఆవుల్ని కేటాయించారు అనే లెక్క మాత్రం ఒక కుర్రాడు మార్కెట్ యార్డులో వేలం పాడే గొంతుతో చదివాడు, ఆ ఆలోచన పూర్తిగా అతనిదే. చివరి పదమూడు దగ్గర ఆగి ఒక్కో అంకె ఒత్తి పలికేవాడు. అంత పెద్ద అబద్ధానికి అంత చిల్లర కచ్చితత్వం ఎందుకో విన్నవాళ్లకి వెంటనే అర్థమైంది.

ఐదో అధ్యాయంలో తాగుబోతుల మాటలు ఉన్నాయి, ఎవరు మాట్లాడుతున్నారో పేర్లు ఉండవు, ఊరికే గొంతులు. వాటిని చీటీలు చేసి హాల్లో కూచున్న శ్రోతలకి పంచాం, ఎవరికి తోస్తే వాళ్లు లేచి చదవాలి. రాబోయే దాహానికి ఇప్పుడే తాగుతున్నా అనే చీటీ ఒక పెద్దాయనకి వచ్చింది, ఆయన లేచి చదివిన తీరుకి హాలు హాలంతా చప్పట్లు. చదివేవాళ్లు, వినేవాళ్లు అనే గీత అక్కడితో చెరిగింది. ఇంతకు మించి దాని గురించి చెప్పేదేం లేదు, చేసి చూడాల్సిందే.

ఇక శోకం. పాంతాగ్రుయేల్ మూడో అధ్యాయం. పైన చెవిలోంచి పుట్టిన గార్గాంతువాకి ఇప్పుడు 524 ఏళ్లు, భార్య బాద్‌బెక్‌కి కొడుకు పాంతాగ్రుయేల్ పుడతాడు, బిడ్డ మరీ పెద్దవాడు కావడంతో ఆమె కాన్పులోనే చచ్చిపోతుంది. ఒకే గంటలో భార్య పోయింది, కొడుకు వచ్చాడు. ఏడవాలా నవ్వాలా? రెండు వైపులా తర్కశాస్త్రం ప్రకారం వాదనలు ఉన్నాయట, తెలుసు, కానీ తేల్చుకోలేక జిగురులో పడ్డ ఎలకలాగా, ఉచ్చులో పడ్డ గద్దలాగా కొట్టుకుంటాడు. భార్య గుర్తొచ్చి ఆవులా ఏడుస్తాడు, కొడుకు గుర్తొచ్చి వెంటనే దూడలా నవ్వుతాడు. నా దృష్టిలో గ్రొటెస్క్ అనే మాటకి రినైసాన్స్ సాహిత్యం మొత్తంలో ఇంత దగ్గరి ఉదాహరణ ఇంకోటి లేదు. ఆ మాట అసలు రోమ్‌లో భూమిలో కూరుకుపోయిన నీరో చక్రవర్తి భవనం గోడల మీద దొరికిన బొమ్మల నుంచి వచ్చింది, గుహని అక్కడ గ్రోటా అంటారు, ఆ బొమ్మల్లో తీగ మనిషి అవుతుంది, మనిషి జంతువు అవుతాడు, ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైందో గీత ఉండదు. బాద్‌బెక్ ఒళ్లు అలాంటిదే, చావు ఎక్కడ ఆగి పుట్టుక ఎక్కడ మొదలైందో చెప్పలేం.

గార్గాంతువా భార్యని తలుచుకుంటూ పిలిచే పిలుపులు ఉన్నాయి, నా బంగారం, నా చిట్టి, నా చెప్పూ, నా పావుకోడూ అంటూ, వాటి మధ్యలో ఆమె మర్మాంగం పేరు పెట్టి నా చిన్నదానా అని ముద్దుగా పిలుస్తాడు, పిలిచి వెంటనే పక్కన, చిన్నదేం కాదు, మూడెకరాల పైమాటే అని కొలత చెప్తాడు. ఫ్రెంచ్‌లో అది ముద్దు మాట. తెలుగులో ఆ మాట ఉంది, అందరికీ తెలుసు, కానీ అది తిట్టుగా తప్ప బతికి లేదు. దాన్ని పెడితే హాల్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ దెబ్బే, భార్య పోయి ఏడుస్తున్న మనిషి నోటి నుంచి ఆ దెబ్బ రావడం ఘోరం. పెట్టలేదు. దానికి బదులు మన పల్లెల్లో శవం దగ్గర కూచుని ఆడవాళ్లు పెట్టే శోకం పట్టుకున్నాను. మా అమ్మమ్మ ఊళ్లో నేను విన్న శోకాల్లో చచ్చిపోయినవాళ్లని ఒక్కో పేరుతో పిలుస్తారు, నా ఇంటి దీపమా, నా గాదె తాళమా, నా కల్లం కుప్పా అని, పొలం, ఇల్లు, పశువు, వంట సామాను అన్నీ ఆ మనిషి పేరే అవుతాయి. అందుకని "నా చెప్పూ, నా పావుకోడూ, నా చిన్ని మడీ" అని పెట్టి, ఆగి, "చిన్నదేముందిలే, మూడెకరాల పైమాటే" అని వదిలాను. మడి అంటే ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. నవ్వు వచ్చింది, కానీ మెల్లగా వినపడే నవ్వు, ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు.

దాని తర్వాత వెంటనే కొడుకు గుర్తొస్తాడు, గ్లాసులు కడగండి, బల్ల మీద గుడ్డ పరవండి, ఆ కుక్కల్ని తోలండి, నిప్పు ఊదండి, దీపం ముట్టించండి, ఆ తలుపెయ్యండి అని హడావిడి. అంతలో బయట పాదిరీలు శవం కోసం పాడుతున్న ప్రార్థన వినపడుతుంది. మాట ఆగిపోతుంది. తర్వాత మంత్రసానుల్ని పిలిచి చెప్తాడు, మీరు ఆమెని పూడ్చడానికి వెళ్లండి, నేను ఇక్కడ వీణ్ణి ఊపుతూ కూచుంటా అని. చదివిన కుర్రాడు ఆ లైను దగ్గర గొంతు పెంచలేదు, తగ్గించలేదు, చేతిలో కాగితాన్ని మాత్రం బిడ్డని ఊపినట్టు మెల్లగా ఊపాడు, మేం రిహార్సల్‌లో అనుకున్నది కాదది. అప్పటిదాకా నవ్విన హాలు అలా నిలబడిపోయింది. వెనక వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకోవడం చూశాను. అరగంట బోటి, పేగులు, మలం గురించి నవ్వించకపోతే ఆ ఒక్క లైను అంత లోపలికి దిగేది కాదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే అప్పటికే పురుడంటే ఏంటో, ఒళ్లంటే ఏంటో అందరూ నవ్వుతూ ఒప్పేసుకున్నారు.

తీసేసింది ఒకటి ఉంది, అదీ చెప్పాలి. పాంతాగ్రుయేల్‌లో అతని స్నేహితుడు పానూర్జ్ తనని కాదన్న పారిస్ ఆవిడ మీద కసి తీర్చుకునే కథ, ఎదకొచ్చిన ఆడకుక్క నుంచి చేసిన పొడి ఆవిడ బట్టల మీద చల్లితే ఊళ్లో కుక్కలన్నీ వచ్చి ఆవిడ మీద ఉచ్చ పోస్తాయి, లక్షల్లో. ఒక కుర్రాడు అది పెడదాం అని చాలా వాదించాడు, కార్నివాల్ అంటే అన్నీ ఉండాలి కదా మేడమ్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గార్గమెల్ సీనులో ఒళ్లు అందరిదీ, నవ్వే వాళ్ల ఒళ్లు కూడా అదే. ఇక్కడ నవ్వే మగాళ్లు ఒక పక్క, తడిసిన ఆడది ఒక పక్క. అమెరికా విమర్శకుడు వేన్ బూత్ 1982లో ఈ అధ్యాయం మీదే బఖ్తిన్ వాదాన్ని నిలదీశాడు, ఈ నవ్వు ఎవరి కోసం అని. నాకు బఖ్తిన్ అంటే ప్రాణం, కానీ ఈ విషయంలో బూత్ అడిగింది సరైన ప్రశ్న. కార్నివాల్ అన్నంత మాత్రాన ప్రతి నవ్వూ అందరిదీ అయిపోదు. 1580లో దక్షిణ ఫ్రాన్స్‌లో రోమాన్ అనే ఊళ్లో కార్నివాల్ వేషాల పోటీ నడుస్తుండగానే ఊరి పెద్దలు ఎదురుతిరిగిన వాళ్ల నాయకుణ్ణి చంపేశారు, పండగ ముసుగు వెనక కత్తి కూడా ఉండొచ్చు.

అదే చర్చలో తిరుపతి వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి గంగమ్మ జాతర సంగతి ఎత్తాడు, బండ వేషం వేసుకున్నవాళ్లు నోటికొచ్చిన బూతులు తిడుతుంటే జనం కోపం తెచ్చుకోరని, అది అమ్మవారి మొక్కు కాబట్టి ఆ తిట్టు తిట్టులా అంటదని. రెండూ ఒకటే అని నేను అనను, అక్కడ అమ్మవారు ఉంది, లియోన్ సంతలో తాగుబోతులూ డాక్టరూ ఉన్నారు. కానీ రెండు ముఖాల మాట మనకి పూర్తిగా పోలేదని, పురిటి గదిలో, శవం దగ్గర, జాతరలో ఇంకా ఉందని ఆ అబ్బాయి వల్ల తెలిసింది, అనువాదం చేసేవాళ్లు తిట్ల నిఘంటువు పక్కన పెట్టి ఆ మూడు చోట్లకి వెళ్లి వినాలి.

ఇప్పుడు తర్వాతి ముక్క మొదలెట్టాను, పాంతాగ్రుయేల్ 32వ అధ్యాయం. కథ చెప్పే ఆయన రాక్షసుడు పాంతాగ్రుయేల్ నోట్లోకి ఎక్కుతాడు, లోపల పళ్లు కొండల్లా ఉంటాయి, పొలాలు, అడవులు, పట్నాలు ఉంటాయి, మొదట ఎదురైనవాడు క్యాబేజీ నాటుతున్న రైతు. ఇక్కడేం చేస్తున్నావయ్యా అని అడిగితే, క్యాబేజీ నాటుతున్నా అంటాడు. అదేంటి, ఎందుకు, ఎలా అంటే, రైతు ఇచ్చే జవాబు తెలుగులో ఇంతవరకు ఇలా వచ్చింది: "ఏం చేస్తాం అయ్యా, అందరి బుడ్డలూ రోలంత బరువుండవు గదా, అందరం షావుకార్లం కాలేం." రోలు దానంతట అదే వచ్చి కూచుంది. "అయ్యా"నా "దొరా"నా అనేది ఇంకా తేలలేదు, పిల్లల చేత రెండు రకాలుగా చదివించి చూడాలి.